బొమ్మా బొరుసూ రెండూ బొమ్మే: రోమను టంకశాలల తప్పు నాణేలు



నాణెం ఎగరేసి బొమ్మా బొరుసా అని పందెం కాయని వాళ్ళు మనలో ఉండరు. రెండువైపులా బొమ్మే ఉంటే దాన్ని దొంగ నాణెం అంటాం. అయితే రెండు వేల ఏళ్ళకు పూర్వం రోము నగరంలో, ఎవరి మోసమూ లేకుండా, రెండువైపులా బొమ్మే పడ్డ వెండి నాణేలు తయారయ్యాయి. ఒకవైపు దేవుడి తల ఉబ్బెత్తుగా ఉంటుంది. తిప్పి చూస్తే మళ్ళీ అదే తల, అదే జుట్టు, అదే ముక్కు. కాని అది లోపలికి గుంటపడి, కుడి ఎడమైపోయి, అద్దంలో నీడలా ఉంటుంది. ఇటువంటి నాణేలను ఏరి కూర్చుకునే సేకర్తలు ఇప్పుడు చాలా దేశాల్లో ఉన్నారు. టంకశాలలో పొరపాటు జరిగిన నాణెమే వారికి ముద్దు. ఆ పొరపాట్లు ఎలా జరిగాయో, వాటిని ఎలా గుర్తుపట్టాలో, వాటితో మనకేం పని ఉందో ఈ ప్రసంగంలో చెప్పుకుందాం.

మనకేం పని అన్న ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను. తమిళనాట స్థిరపడిన మన తెలుగు కుటుంబాలు కోయంబత్తూరు, కరూరు ప్రాంతాల్లో ఎన్నో ఉన్నాయి. రోమను నాణేలు కుండలకు కుండలుగా బయటపడ్డ నేల ఇదే. కోయంబత్తూరు పక్కనున్న వెళ్ళలూరులో 1842లో అయిదు వందలకు పైగా వెండి నాణేలు దొరికాయి. పుదుక్కోట సంస్థానంలో 1898లో 501 బంగారు నాణేలు దొరికాయి. కరూరులో అమరావతి నది ఇసుకలో చిన్న చిన్న రోమను రాగి నాణేలు దొరుకుతూ వచ్చాయి. అటు తెలుగు నేల మీద నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో సుమారు పదిహేను వందల వెండి నాణేలు బయటపడ్డాయి. మిరియాలకూ ముత్యాలకూ సన్నబట్టలకూ వెలగా ఓడల్లో వచ్చిన సొమ్ము ఇది. ఏటా అయిదు కోట్ల సెస్టెర్సులు భారతదేశానికి పోతున్నాయని ప్లినీ అనే రోమను రచయిత క్రీస్తు శకం మొదటి శతాబ్దంలోనే వాపోయాడు. కాబట్టి గీతపడ్డ నాణెమో, వంకర బొమ్మ నాణెమో మన చేతికి రావడం అసాధ్యమేమీ కాదు. వచ్చినప్పుడు అది టంకశాలలో పడ్డ తప్పా, తరవాత తగిలిన దెబ్బా అని అడగడం తెలిసి ఉండాలి.

ఇక టంకశాలలోకి వెళదాం. మన పాత శాసనాల భాషలో దీన్ని కమ్మటం అన్నారు. రోములో తొలి టంకశాల కాపిటోలు కొండమీద జూనో మోనేటా అనే దేవత గుడి దగ్గర ఉండేది. ఇంగ్లీషులో డబ్బుకు వాడే మనీ అన్న మాట ఆ మోనేటా పేరునుంచి వచ్చిందే. క్రీ.పూ. 46లో టి. కారిసియస్ అనే అధికారి వేయించిన వెండి నాణెం మీద ఒకవైపు ఆ దేవత తల, రెండోవైపు సుత్తి, పట్టకారు, అచ్చు ఉన్నాయి. తమ పనిముట్లను తమ నాణెం మీదే చూపించుకున్న టంకశాల అది.

పని జరిగే తీరు చెబుతాను. రెండు అచ్చులు ఉంటాయి. బొమ్మవైపు అచ్చును దాగలిలో, అంటే మన కమ్మరి దిమ్మెలో, కదలకుండా బిగిస్తారు. బొరుసు అచ్చు ఒక లావుపాటి మేకులాంటి కడ్డీ చివర చెక్కి ఉంటుంది. దాన్ని చేత్తో పట్టుకుంటారు. కింది అచ్చుమీద ఏ ముద్రా లేని వెండి బిళ్ళ పెట్టి, దానిమీద పై అచ్చు నిలబెట్టి, సుత్తితో కొడతారు. ఒక దెబ్బకు రెండు ముఖాలూ పడతాయి. బిళ్ళ తీసేసి ఇంకొకటి పెడతారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇదే. యంత్రం లేదు. బిళ్ళ కదలకుండా చుట్టూ పట్టే కట్టు కూడా లేదు. అందుకే ఏ రెండు రోమను నాణేలూ అచ్చంగా ఒకేలా ఉండవు.

ఇందులో బిళ్ళ కాస్త పక్కకు జరిగితే చక్రవర్తి ముఖం సగమే పడి, మిగిలిన సగం ఉత్త వెండిగా మిగిలిపోతుంది. ఒక దెబ్బ చాలక రెండోది వేసినప్పుడు బిళ్ళ కదిలితే ఒక ముఖానికి రెండు ముక్కులు వస్తాయి. బిళ్ళ పెట్టడం మరచి సుత్తి వేస్తే అచ్చూ అచ్చూ గుద్దుకుని ఒకదాని గుర్తు ఇంకొకదానికి అంటుకుంటుంది. ఆ తరవాత వేసిన ప్రతి నాణెం మీదా వెనకవైపు బొమ్మ సన్నని నీడగా కనబడుతుంది. ఇవన్నీ తేలిగ్గా అర్థమయ్యేవే.

రెండువైపులా బొమ్మ పడటం మాత్రం కాస్త నిదానంగా చూడాల్సిన సంగతి. సంక్రాంతికి పంచదార చిలకలు పోసే అచ్చులు మీరు చూసే ఉంటారు. ఒక చిలక అచ్చులోనే అంటుకుపోయిందనుకోండి, అది తీయకుండా మళ్ళీ పాకం పోస్తే ఏమవుతుంది? రోములో జరిగింది సరిగ్గా అదే. కొట్టిన నాణెం కింద పడకుండా పై అచ్చుకు అతుక్కుని పైకి లేచింది. పనివాడు చూసుకోలేదు. కింద కొత్త బిళ్ళ పెట్టారు, సుత్తి పడింది. కింది అచ్చు తన బొమ్మను మామూలుగానే వేసింది. పైన మాత్రం బొరుసు అచ్చుకు బదులు, దానికి అతుక్కున్న నాణెం తాలూకు ఉబ్బెత్తు బొమ్మ కొత్త బిళ్ళలోకి దిగింది. అందుకే వెనకవైపు అదే ముఖం గుంటగా, తలకిందులు కాకపోయినా కుడి ఎడమగా పడింది. దీన్ని నాణేల శాస్త్రంలో బ్రోకేజ్ అంటారు.

ఇక్కడ ఒక చక్కని ప్రశ్న ఉంది. బొమ్మ రెండువైపులా ఉన్న నాణేలు ఎక్కువ, బొరుసు రెండువైపులా ఉన్నవి బాగా తక్కువ. ఎందుకు? నాణెం కింది అచ్చులో ఉండిపోతే బిళ్ళ పెట్టేవాడి కంటి ఎదుటే ఉంటుంది. వెంటనే తీసేస్తాడు. పై అచ్చు ముఖం నేలవైపు తిరిగి ఉంటుంది, దానికి ఏం అంటుకుందో ఎవరికీ కనబడదు. ఈ ఒక్క సంగతితో ఆ మనుషులు ఎక్కడ కూచున్నారో, ఎటు చూస్తున్నారో మనకు తెలిసిపోతుంది. ఏ రోమను చరిత్రకారుడూ రాయని విషయం ఇది. టంకశాల పనివాడు పెద్దల చరిత్రల్లోకి ఎక్కే మనిషి కాదు కదా.

అతుక్కున్న నాణెం ఒక దెబ్బతో ఊడి రాకపోతే రెండో బిళ్ళమీదా, మూడో బిళ్ళమీదా అదే పడుతుంది. దెబ్బదెబ్బకూ ఆ నాణెం సాగి వెడల్పవుతుంది, బొమ్మ మొద్దుబారుతుంది. కాబట్టి గుంటబొమ్మ నిక్కచ్చిగా ఉంటే అది మొదటి దెబ్బదనీ, సాగి చెదిరి ఉంటే ఆ తరవాతి దెబ్బలదనీ చెప్పవచ్చు. ఎవరో ఒకరు ఆగి చూసేలోపు ఎన్ని దెబ్బలు పడ్డాయో దాన్నిబట్టి ఊహించవచ్చు.

ఇటువంటి తప్పులు ఎక్కువగా కనబడే కాలం ఒకటి క్రీ.పూ. 90 ప్రాంతం. అప్పుడు ఇటలీలోని మిత్ర నగరాలు అనేకం రోముమీద తిరగబడ్డాయి. క్రీ.పూ. 91 నుంచి 88 దాకా యుద్ధం. సైనికులకు జీతాలివ్వాలి, వెండి నాణెం కావాలి, అదీ రేపటికే కావాలి. ఆ యేడు టంకశాల అధికారుల్లో ఒకడైన ఎల్. కల్పూర్నియస్ పీసో ఫ్రూగీ పేరుమీద వచ్చిన నాణేలు రోము గణతంత్రం వేయించిన పెద్ద రాశుల్లో ఒకటి. ఒకవైపు అపోలో దేవుడి తల, రెండోవైపు గుర్రం దౌడు తీయిస్తున్న రౌతు. అచ్చు అచ్చుకూ వేరే అంకెలో, అక్షరాలో, గుర్తులో వేశారు. ఎన్ని అచ్చులు అరిగిపోయాయో, ఎన్ని కొత్తవి చెక్కారో లెక్కపెట్టాలంటే ఇవాళ్టి పండితులకే తల తిరుగుతుంది. అంత తొందరలో అతుక్కున్న నాణెం ఎవరు చూస్తారు?

అలా తప్పుగా పడ్డదాన్ని కరిగించి మళ్ళీ ఎందుకు వేయలేదు అని మా తరగతిలో ఒక పిల్లవాడు అడిగాడు. మంచి ప్రశ్న. వెండి నాణెం విలువ దాని తూకంలోనూ వెండి మేలిమిలోనూ ఉంది. అగస్టస్ కాలపు దెనారియస్ నాలుగు గ్రాములకు ఇంచుమించుగా తూగుతుంది. బొమ్మ పక్కకు జరిగినంత మాత్రాన తూకం తగ్గదు. సైనికుడికి జీతం తగ్గదు. మన శాతవాహనుల సీసం నాణేలూ, పోటిన్ నాణేలూ చూడండి, సగం ఏనుగు పడి సగం బయటికి పోయినవి ఎన్నో! వాటిని కూడా జనం చెల్లించుకున్నారు.

ఆ పనివాళ్ళ పేర్లు కూడా ఒకచోట మిగిలాయి. రోములో సాన్ క్లెమెంతే చర్చి ఉన్న ప్రాంతంలో దొరికిన కొన్ని శాసనాలు క్రీ.శ. 115 నాటివి, ట్రాజన్ చక్రవర్తి కాలంవి. టంకశాల కొండమీదినుంచి ఆ వైపుకు మారిన తరవాతివి. అందులో ఒకటి హెర్క్యులీసు దేవుడికి అంకితం చేసింది. అంకితం చేసినవారు ముద్ర పనివారు, బిళ్ళ పెట్టేవారు, సుత్తి వేసేవారు. బిళ్ళ పెట్టేవాణ్ణి సుప్పోస్తోర్ అన్నారు, సుత్తి వేసేవాణ్ణి మల్లియాతోర్ అన్నారు. వాళ్ళలో చక్రవర్తి బానిసలూ ఉన్నారు, బానిసత్వంనుంచి విడుదల పొందినవారూ ఉన్నారు. సుత్తి ఎత్తి బతికేవాళ్ళు బలానికి పేరుపొందిన దేవుణ్ణి ఎంచుకోవడం నాకు సహజంగానే తోస్తుంది. సగం ముఖం నాణెం బిళ్ళ పెట్టేవాడి చెయ్యి. రెండు ముక్కుల నాణెం సుత్తివాడి చెయ్యి. శాసనం పేర్లిస్తే, తప్పు నాణెం వాళ్ళ చేతులను చూపిస్తుంది.

మూడో శతాబ్దానికి వచ్చేసరికి కథ మారింది. క్రీ.శ. 260 తరవాత గల్లియెనస్, రెండో క్లాడియస్ చక్రవర్తుల కాలంలో నాణెంలో వెండి నూటికి కొద్ది పాళ్ళకు దిగజారింది. బిళ్ళలు చిన్నవైపోయి పేరులో సగం అక్షరాలు అంచు దాటి పోయాయి. రెండుసార్లు పడ్డవి, పక్కకు పడ్డవి, గుంటబొమ్మవి కుప్పలు. ఆ కాలంలోనే రోము టంకశాలలోని విభాగాలు తమ తమ వరస గుర్తును నాణెంమీద వేశాయి. గల్లియెనస్ కాలంలో అటువంటి విభాగాలు పన్నెండు దాకా పెరిగాయి. ఏ నాణెం ఎవరి చేతిమీదుగా వచ్చిందో తెలియాలని ఆ గుర్తు. అంటే ఆ కాలపు తప్పు నాణేనికి చిరునామా కూడా ఉందన్న మాట. ఆ తరవాత వచ్చిన ఆరేలియన్ కాలంలో, 271 ప్రాంతంలో, ఫెలిసిస్సిమస్ అనే ఆర్థికాధికారి వెంట నిలిచి టంకశాల పనివాళ్ళు తిరగబడ్డారు. ఆ అల్లరిని అణచడంలో ఏడు వేలమంది సైనికులు చనిపోయారని ఆరేలియస్ విక్టర్ అనే చరిత్రకారుడు రాశాడు. ఆ అంకె నమ్మశక్యంగా లేదుగాని, గొడవ మాత్రం జరిగింది. నాణెంలో కాజేసిన వెండికి లెక్క అడిగినందుకే తిరగబడ్డారని పాత రాతల సారాంశం. 274లో ఆరేలియన్ నాణేన్ని సంస్కరించాడు, తూకమూ పనితనమూ రెండూ మెరుగయ్యాయి.

అచ్చు చెక్కేవాడి తప్పులు వేరే రకం. అక్షరాలను అచ్చులో వెనక్కి తిప్పి చెక్కాలి. అప్పుడే నాణెం మీద సరిగ్గా పడతాయి. చెయ్యి ఒక్క క్షణం మరిస్తే అక్షరం తిరగబడుతుంది, లేదా ఒకటి ఎగిరిపోతుంది. ఇంకో తప్పు జతలు మారిపోవడం. రాణి నాణేల వెనక వేయాల్సిన పాతివ్రత్య దేవత ఒక్కోసారి మీసమూ గడ్డమూ ఉన్న చక్రవర్తి వెనక పడింది. ఇది చూసి సేకర్త సంతోషపడతాడు. కాని ఇక్కడే జాగ్రత్తపడాలి. జతలు కలవని వెండి నాణేల్లో చాలా భాగం రాగి బిళ్ళకు వెండి పొర తొడిగిన దొంగ నాణేలు. దొంగవాడికి దొరికిన అచ్చులు దొరికినట్టు జతచేస్తాడు, వాడికి చక్రవర్తి వరస ఎందుకు? రాగిమీద వెండి పొరతో ఉన్న అగస్టస్ నాణేలు మన దక్షిణాదిలో దొరికినవాటిలోనూ ఉన్నాయి. కనుక జత తప్పిన నాణెం చేతికొస్తే ముందు అంచు చూడండి, తూచి చూడండి.

అలాగే రోమను బంగారు నాణేలను చూసి మన దక్షిణాదిలోనే చేసిన నకళ్ళు ఉన్నాయి. ముఖం బాగానే ఉంటుంది, చుట్టూ లాటిను అక్షరాలు మాత్రం ఉత్త గీతలూ సున్నాలూ అయిపోతాయి. ఇది టంకశాల తప్పు కాదు. లాటిను రాని మంచి కంసాలి పని. దానికి దాని విలువ ఉంది, కాని పేరు వేరు.

టంకశాల దాటాక పడే గుర్తులు ఇంకా ఎన్నో. పుదుక్కోట 501 బంగారు నాణేల్లో అత్యధిక భాగానికి చక్రవర్తి తలమీద ఉలితో అడ్డంగా కోసిన గాటు ఉంది. టంకశాలలో పడ్డది కాదది. ఆ నాణేలు అగస్టస్‌నుంచి వెస్పాసియన్ దాకా అనేక చక్రవర్తులవి. ఏళ్ళతరబడి, వేర్వేరు అచ్చులతో వేసినవన్నిటికీ ఒకే గాటు ఉందంటే, అవన్నీ ఒకచోట చేరాక ఎవరో వరసబెట్టి కోశారన్న మాట. ఇక చలామణి కారాదనా, లోపల రాగి ఉందేమోననా, పరాయి రాజు ముఖం తమ నేలమీద చెల్లకూడదనా, పండితులు తలా ఒక కారణం చెప్పారు. నాకు మొదటిదే సబబుగా కనిపిస్తుంది. లోపల రాగి ఉందేమో చూడటానికైతే గాటు ఎక్కడ పెట్టినా చాలు, ముఖాన్నే వెతుక్కోనక్కరలేదు. తెలుగు నేలమీద దొరికిన కొన్ని బంగారు నాణేలకు చక్రవర్తి తలకు పైన రెండు చిల్లులున్నాయి. కాసులపేరు తెలిసిన మనకు ఆ చిల్లులెందుకో వేరే చెప్పనక్కరలేదు.

తప్పు ఎప్పుడు జరిగిందో చూపే ఒక సులువైన పరీక్ష చెబుతాను. నాణెంమీద గీత ఉంటే గోటితో మెల్లగా తడమండి. గీత ఉబ్బెత్తుగా తగిలితే అది అచ్చు పగులు. పగులులోకి వెండి దూరి పైకి లేచింది, టంకశాలది. గీత లోపలికి తగిలితే ఆ తరవాత పడ్డ గాయం. రెండువైపులా బొమ్మ ఉన్న నాణేనికైతే పరీక్ష మరింత గట్టిది. రెండు బొమ్మలూ ఒకే కింది అచ్చునుంచి వచ్చినవి కదా. కాబట్టి ఒకవైపు గడ్డం దగ్గర అచ్చు పగులు ఉబ్బి ఉంటే, రెండోవైపు అదే చోట, అద్దంలోలా, గుంటగా ఉండాలి. జుట్టు పాయలు లెక్కకు సరిపోవాలి. సరిపోకపోతే ఈమధ్య కాలంలో ఎవరో రెండు నాణేలను ఒకదానిమీద ఒకటి పెట్టి నొక్కారని అనుమానించాలి. తప్పు నాణేలకు గిరాకీ పెరిగినకొద్దీ తప్పులను తయారుచేసేవాళ్ళూ పుట్టుకొచ్చారు. పోత పోసిన నకలైతే అంచున అతుకు గీతా, ముఖంమీద సూదిమొన బుడగలూ భూతద్దంలో కనిపిస్తాయి.

ఇంత చెప్పింది మన ఇళ్ళల్లో జరిగే ఒక పని ఆపమనడానికే. పాత నాణెం దొరికితే ఇత్తడి చెంబును తోమినట్టు చింతపండూ బూడిదా పెట్టి తోమేస్తారు. మూడో శతాబ్దపు నాణెంమీద ఉన్న వెండి పొర కాగితంకన్నా పలచన. ఒక్కసారి తోమితే పోతుంది, దాంతోపాటు రెండో దెబ్బ నీడా, అచ్చు పగులూ పోతాయి. వంకరగా ఉందని, చెల్లని నాణెమని కరిగించిన బంగారమూ వెండీ ఎంతో లెక్కే లేదు. నున్నని అందమైన నాణేన్ని ఎవరైనా దాస్తారు, వంకరదే ముందు కుంపటిలోకి పోతుంది.

చట్టం సంగతి కూడా చెప్పాలి. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దాగి ఉన్న సొత్తు పది రూపాయలకు మించిన విలువది దొరికితే, దొరికినవారు కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన నాణెం పురావస్తువే. దాన్ని సొంతంగా విదేశాలకు పంపకూడదు, లైసెన్సు లేకుండా అమ్మకం వ్యాపారం చేయకూడదు. భయపడి దాచేవాళ్ళకంటే, తెలియక అమ్మేవాళ్ళే ఎక్కువ.

రోమను నాణేలను దగ్గరగా చూడాలనుకునేవారు చెన్నై ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియానికి వెళ్ళవచ్చు. చేతికి ఒకటి వస్తే మాత్రం కడగకుండా పొడి కాగితంలో చుట్టి, పైన నాలుగు మాటలు రాయండి. తూకమెంత, అడ్డకొలత ఎంత, బొమ్మను నిలువుగా పట్టి పక్కకు తిప్పితే బొరుసు తల ఎటు ఉంది, ఏ ఊరు, ఏ పొలం, ఎంత లోతున దొరికింది. మొదటి మూడూ ఎప్పుడైనా కొలుచుకోవచ్చు. పొలం పేరు మాత్రం ఆ రోజే రాయాలి.